మేరీ ఆనింగు

ఇంగ్లండు దక్షిణతీరమున లైమ్ రీజిస్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి కొండచరియలలో ప్రాచీన జీవుల అవశేషములు శిలారూపమున నిలిచియున్నవి. 1799 మే 21వ తేదీన ఆ ఊర నొక పేద వడ్రంగి యింట మేరీ ఆనింగు జన్మించెను.

తండ్రి రిచర్డు తీరమున శిలాజముల నేరి యాత్రికులకు విక్రయించుచుండెడివాడు. ఆ విద్య బిడ్డలకును అబ్బెను. 1810లో ఆయన అప్పులు మిగిల్చి మరణించెను. నాటినుండి శిలాజములే ఆ కుటుంబమునకు ఆధారములయ్యెను. 1811లో అన్న జోసెఫు ఒక వింతజంతువు తలను కనుగొనగా, మరుసటియేట మేరీ దాని మొండెమును కనుగొనెను. అది చేపవంటి ఆకారముగల ఇక్తియోసారు అను సరీసృపము.

శీతకాలపు తుపానులకు చరియలు విరిగిపడినపుడు క్రొత్త శిలాజములు బయటపడును. కెరటములు కొనిపోకమునుపే వాని నేరవలెను. 1833లో అట్లు విరిగిపడిన చరియక్రింద ఆమె పెంపుడుకుక్క మరణించెను. మేరీ త్రుటిలో తప్పించుకొనెను. ఐనను ఆ పనిని విడువలేదు.

ఆమెకు బడిచదువు స్వల్పమే. శాస్త్రవ్యాసములను చేతితో వ్రాసికొని చదివెను. చేపలను కోసి వాని అవయవముల పొందికను పరిశీలించెను.

ఆ కాలమున పండితులను ఒక చిక్కు వేధించుచుండెను. సొరచేప అస్థిపంజరము మృదులాస్థితో నిర్మితము. అది త్వరగా శిథిలమగును. దంతములు, వీపురెక్కల ముందుండు గట్టిముండ్లు మాత్రము శిలలలో నిలుచును. విడివిడిగా దొరకు ఆ ముండ్లు ఏ జీవివో తెలియుట కష్టము. 1834లో స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు లూయీ అగాసీ లైమ్ రీజిస్‌కు వచ్చెను. మేరీయు, ఆమె స్నేహితురాలు ఎలిజబెత్ ఫిల్పాటును, ఏ ముల్లు ఏ జాతి సొరచేపదో ఆయనకు నిస్సంశయముగా చూపిరి. పేరుగాంచిన పండితునికి తీరవాసులైన స్త్రీలు గురువులైరి! అగాసీ తన గ్రంథమున వారికి కృతజ్ఞత తెలిపెను. రెండు శిలాజ మత్స్యజాతులకు మేరీ పేరిడెను.

అందరును అంతటి ఉదారులు కారు. ఆమె వెలికితీసిన శిలాజములను గూర్చి వ్రాసి కీర్తిగాంచిన పలువురు ఆమె పేరైనను తలపలేదు. లండను భూగర్భశాస్త్ర సంఘము 1919 వరకు స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనలేదు. కావున జీవితాంతము ఆ సంఘద్వారము ఆమెకు మూయబడియే యుండెను.

1847 మార్చి 9వ తేదీన, 47 ఏండ్ల వయస్సున, మేరీ క్యాన్సరు వ్యాధితో కన్నుమూసెను. ఆమె వెలికితీసిన శిలాజములు నేటికిని లండను ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలలో ఉన్నవి. పేదరికము చదువునకు అడ్డు కావచ్చును గాని, చూచు కన్నునకును, ఓర్పుగల చేతికిని అడ్డు కాజాలదని ఆమె జీవితము చాటుచున్నది.