హెక్టర్ బెర్లియోజ్ (1803–1869)

ఫ్రాన్సు దేశమున లా కోత్ సెంత్ ఆంద్రే యను చిన్న యూరిలో 1803 డిసెంబరు 11వ తేదీన హెక్టర్ బెర్లియోజ్ జన్మించెను. వైద్యుడగు తండ్రి యతనిని 1821లో వైద్యవిద్యకై పారిస్ నగరమునకు పంపెను. శవచ్ఛేదము రోత పుట్టింప, బెర్లియోజ్ సంగీత విద్యాలయపు గ్రంథాలయమున గ్లుక్ కృతులను పఠించుచు కాలము గడపెను. తండ్రి ధనసహాయము నిలిపినను సంగీతము విడువలేదు.

1830లో రచించిన ‘అద్భుత సింఫనీ’ యతనికి కీర్తి తెచ్చెను. వాద్యముల మేళవింపును గూర్చి 1844లో నతడు ప్రకటించిన గ్రంథము సంగీతజ్ఞులకు ప్రమాణమయ్యెను. జర్మనీ, రష్యా, ఇంగ్లండులలో వాద్యబృందములను స్వయముగా నడిపి మన్ననలందెను. స్వదేశమున మాత్రము పత్రికలకు విమర్శలు వ్రాసి పొట్ట పోసికొనవలసి వచ్చెను. తన ‘ట్రోజనులు’ సంగీతరూపకమును సమగ్రముగా రంగస్థలమున చూడకయే 1869 మార్చి 8వ తేదీన కన్నుమూసెను.

యౌవనమున తనకు దారి చూపిన యా గ్రంథాలయమునకే యతడు 1850 నుండి తుదివరకు గ్రంథపాలకుడుగా నుండెను.