పందిపిల్లను బతికించిన రచయిత



మన పిల్లల్లో చాలామందికి ఇల్లు అనంతపురంలో, అవ్వాతాతలు పల్లెలో. సెలవులకు వెళ్లినప్పుడు తమ చేతులతో మేత పెట్టిన మేకపిల్లో, దూడో తర్వాతి సెలవులకు కొట్టంలో ఉండదు. వానల్లేక, గడ్డి కొనే స్తోమత లేక సంతకు తోలి ఉంటారు. అది ఏమైందని పిల్లలు అడిగితే మనం మాట దాటేస్తాం. అలాంటి ప్రశ్నకే పిల్లల పుస్తకంలో జవాబు చెప్పిన ఒక అమెరికన్ రచయిత ఉన్నారు. ఆయన ఇ.బి. వైట్.

వైట్ 1899 జులై 11న న్యూయార్క్ నగరం పక్కనే ఉన్న మౌంట్ వెర్నన్‌లో పుట్టారు. ఇంట్లో అందరికంటే చిన్నవాడు, భయస్తుడు. బడిలో నలుగురి ముందు నిలబడి మాట్లాడాలంటే వణికిపోయేవారు. జంతువులంటే మాత్రం ప్రాణం. కార్నెల్ యూనివర్సిటీలో 1921లో డిగ్రీ పూర్తి చేసి, తర్వాత న్యూయార్కర్ పత్రికలో రచయితగా పేరు తెచ్చుకున్నారు. అయినా నగరంలో మనసు నిలవలేదు. మెయిన్ రాష్ట్రంలో సముద్రం ఒడ్డున పొలం కొని, 1938లో కుటుంబంతో అక్కడికి వెళ్లి కోళ్లు, గొర్రెలు, పందులు పెంచారు.

వసంతంలో పందిపిల్లను కొని, మేపి, చలికాలం వచ్చేసరికి మాంసానికి కోయడం అక్కడి రైతుల ఆనవాయితీ. ఆయనా అదే చేసేవారు. ఒక ఏడాది ఆయన పంది జబ్బుపడింది. ఎలాగూ కోయబోయే పందే. అయినా మందు తాగించి, పశువైద్యుణ్ణి పిలిపించి, రాత్రీ పగలూ దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. అది బతకలేదు. ఆ బాధను 1948లో ఒక వ్యాసంగా రాశారు. రోజూ మేత పెట్టే మనిషే ఒకనాడు దాన్ని చంపించడం ఏమిటన్న ఆలోచన ఆయన్ను వదల్లేదు. కథలోనైనా ఒక పందిని బతికించాలనుకున్నారు.

అలా 1952లో షార్లెట్స్ వెబ్ నవల వచ్చింది. అందులో ఎనిమిదేళ్ల ఫెర్న్, బక్కగా పుట్టిన పందిపిల్లను చంపడానికి గొడ్డలి పట్టుకుని వెళ్తున్న తండ్రికి అడ్డుపడుతుంది. బలహీనంగా పుట్టడం దాని తప్పా అని నిలదీస్తుంది. తండ్రి ఆ పిల్లను ఆమె చేతికే ఇస్తాడు. ఫెర్న్ దానికి విల్బర్ అని పేరు పెట్టి, సీసాతో పాలు పట్టి పెంచుతుంది. కొంచెం పెద్దయ్యాక దాన్ని మామయ్య పొలానికి అమ్మాల్సి వస్తుంది. అక్కడ షార్లెట్ అనే సాలీడు తన గూడులో విల్బర్‌ను మెచ్చుకుంటూ మాటలు అల్లి, దాని ప్రాణం కాపాడుతుంది.

సాలీడు గురించి రాయడానికి ముందు వైట్ వాటి జీవితాన్ని చాలాకాలం చదివారు. తన కొట్టంలోని ఒక సాలీడు గుడ్ల సంచిని మిఠాయి పెట్టెలో న్యూయార్క్ తీసుకెళ్తే, పిల్లలు బయటికొచ్చి అద్దం బల్లంతా దారాలు అల్లాయట.

విల్బర్ బతుకుతుంది కానీ షార్లెట్ చనిపోతుంది. గుడ్లు పెట్టాక అలాంటి సాలీడు బతకదు. చిన్నపిల్లల పుస్తకమని వైట్ ఆ నిజాన్ని మార్చలేదు. అలాగని అది ఆయనకు తేలికా కాదు. తర్వాత ఆ పుస్తకాన్ని తన గొంతుతో రికార్డు చేసినప్పుడు, ఆ చోటికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయి పదేపదే మళ్లీ చదవాల్సి వచ్చింది. 1985 అక్టోబర్ 1న, 86 ఏళ్ల వయసులో, ఆ పొలం దగ్గరి ఇంట్లోనే కన్నుమూశారు.

ఈ పుస్తకం ఇంగ్లిష్ సులభంగా ఉంటుంది. నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో రోజుకొక అధ్యాయం చదవండి. షార్లెట్ చనిపోయే చోట పేజీ తిప్పేయకండి. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి. ఊళ్లో దూడ ఏమైందని అప్పుడు మళ్లీ అడిగితే, కరువు సంగతి, గడ్డి ధర సంగతి, దాన్ని తోలిన రోజు తాత అన్నం తినని సంగతి కూడా చెప్పండి.