చెరువుల ప్రభువు కెంపె గౌడ

మన బెంగళూరు ఎత్తైన పీఠభూమిపై నున్నది. చెంతను మహానది ఏదియు ప్రవహింపదు. అట్టి చోట ఇంతటి నగరము వెలయుటకు కారణము చెరువులు. వానిలో కొన్నిటిని కట్టించినవాడు హిరియ కెంపె గౌడ.

ఈయన యలహంక నాడును పాలించిన సామంతవంశమున 1510 ప్రాంతమున జన్మించెను. తండ్రి కెంపనంజె గౌడ. వారు విజయనగర చక్రవర్తులకు లోబడిన ప్రభువులు. కన్నడము మాతృభాషయైనను, ఈయన తెలుగున గంగాగౌరీవిలాసమను యక్షగానమును రచించెనని ప్రసిద్ధి. 1537వ సంవత్సరమున మట్టికోట కట్టించి, అందు వృత్తులవారికి వేరువేరు పేటలను నెలకొల్పెను.

కోట కంటె ముఖ్యమైనది నీరని ఆయన ఎరుగును. ధర్మాంబుధి, కెంపాంబుధి, సంపంగి మొదలగు చెరువులను ఆయనయు, ఆయన వంశీయులును నిర్మించిరి. ఈ ప్రాంతపు చెరువులు గొలుసువంటివి. మీది చెరువు నిండి మరవ పారినచో, ఆ నీరు రాజకాలువ వెంట దిగువ చెరువును చేరును. అందుచే పొలములు పండినవి, బావులు ఊరినవి, చేపలును పక్షులును బ్రతికినవి.

అనుమతి లేక నాణెములు ముద్రించెనను నేరమునకు అళియ రామరాయలు ఈయనను ఆనెగొందిలో సుమారు ఐదేండ్లు బంధించెనని చెప్పుదురు. విడుదలయై వచ్చి మరల రాజ్యమేలి, 1569లో కన్నుమూసెను.

చెరువు ఒకమారు త్రవ్వినంతనే కలకాలము నిలుచునది కాదు. ఏటేట పూడిక తీయవలెను, కాలువలను కాపాడవలెను. ఆ శ్రద్ధ తరువాతివారిలో తగ్గెను. ధర్మాంబుధి ఎండి బస్సుల నిలయమైనది. సంపంగి చెరువున కంఠీరవ క్రీడారంగము వెలసినది. నిలిచిన కెంపాంబుధిలో మురుగు చేరినది. మురుగు కుళ్లునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించును. చేపలు ఊపిరాడక చచ్చును.

అయినను నిరాశ పడనక్కరలేదు. ఆయన యలహంకకు సమీపముననే జక్కూరు చెరువు గలదు. అచట మురుగునీటిని యంత్రాలయమున శుద్ధిచేసి, జమ్ము పెరిగిన చిత్తడినేల గుండ వడియనిచ్చి, పిదప చెరువులోనికి విడుచు ఏర్పాటు చేసిరి. గూడబాతులు వచ్చి వాలినవి. బెస్తలు వలలు వేసిరి.

2022లో విమానాశ్రయమున కెంపె గౌడకు 108 అడుగుల విగ్రహమును నిలిపిరి. అది ఘనమైన గౌరవమే. బాలబాలికలారా! మీ వీథి చెత్త కాలువలో పడకుండ చూచుటయు ఆయనకు మీరు చేయదగిన గౌరవమే.