ఎడ్గర్ కాడ్: ఒక విషయం, ఒకే చోట

డీబీఎంఎస్ పరీక్ష ముందు రాత్రి నార్మల్ ఫామ్స్ బట్టీ పడుతూ మనమంతా తిట్టుకునేది ఈయన్నే. ఎడ్గర్ కాడ్ 1923లో ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని పోర్ట్‌లండ్‌లో పుట్టాడు. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కలు చదివాడు, రెండో ప్రపంచ యుద్ధంలో విమానం నడిపాడు, 1948లో అమెరికా వెళ్లి ఐబీఎంలో చేరాడు. సెనేటర్ మెకార్తీ చేస్తున్న కమ్యూనిస్టుల వేట నచ్చక 1953లో కెనడా వెళ్లిపోయి, నాలుగేళ్లకి తిరిగొచ్చాడు. పీహెచ్‌డీ వచ్చేసరికి నలభై దాటేశాయి. (ఇరవై నిండకుండానే లేటైపోయామని ఏడ్చే మన బ్యాచ్‌కి ఈ మాట.)

1970లో రాసిన పేపర్‌తో కథ మారింది. అప్పట్లో డేటాని చెట్టు కొమ్మల్లా దాచేవాళ్లు. ఏ కొమ్మ పట్టుకుని వెళ్లాలో ప్రోగ్రామే తెలుసుకోవాలి, అమరిక మారితే ప్రోగ్రామ్ ఆగిపోయేది. అన్నీ టేబుళ్లుగా పెట్టండి, ఏం కావాలో మాత్రం అడగండి, ఎలా వెతకాలన్నది మెషీన్ చూసుకుంటుంది అన్నది కాడ్ ఆలోచన. నార్మలైజేషన్ కూడా ఆ పేపర్‌లోనే మొదలై, తర్వాతి పేపర్లలో పెరిగింది: ఒక విషయం ఒకే చోట ఉండాలి.

ఇది ఎంత అవసరమో మన క్లబ్ షీట్ చూస్తే తెలుస్తుంది. ప్రతి ఈవెంట్‌కీ పేరు, ఫోన్ మళ్లీ కొత్తగా కొడతాం. ఒక జూనియర్ పేరు ఇంగ్లిష్‌లో మూడు స్పెల్లింగుల్లో పడింది. మూడు ఈవెంట్లకి వచ్చిన అమ్మాయి షీట్ లెక్కలో ముగ్గురైంది, సర్టిఫికెట్ రాలేదు. కాడ్ పద్ధతిలో అయితే సభ్యులకో టేబుల్, ఈవెంట్లకో టేబుల్. హాజరు టేబుల్లో రోల్ నంబర్, ఈవెంట్ నంబర్ చాలు. సభ్యుల్లో లేని రోల్ నంబర్ కొడితే తీసుకోదు.

ఐబీఎం మాత్రం తొందరపడలేదు. దానికి ఐఎంఎస్ అనే పాత చెట్టు పద్ధతి సరుకు బాగా అమ్ముడవుతోంది మరి. ఈలోగా ల్యారీ ఎలిసన్ కంపెనీ 1979లోనే ఒరాకిల్‌ని మార్కెట్లోకి తెచ్చేసింది. ఐబీఎం సొంత ఎస్‌క్యూఎల్ సరుకు 1981లో వచ్చింది, కాడ్‌కి ట్యూరింగ్ అవార్డూ ఆ ఏడాదే. ఇక పాత సరుక్కే రిలేషనల్ అని లేబుల్ అతికించి అమ్మేవాళ్లని చూసి ఒళ్లు మండి, 1985లో పన్నెండు రూల్స్ రాశాడు. లెక్క సున్నాతో మొదలుపెట్టాడు కాబట్టి నిజానికి పదమూడు! 2003లో ఫ్లోరిడాలో చనిపోయాడు.

ఫ్రెషర్స్ పార్టీ చందాలకి షీటే హాయి, ఫోన్లో ఎవరైనా తెరుస్తారు. సభ్యులు, హాజరు మాత్రం ఎస్‌క్యూలైట్‌లోకి మార్చాలని వచ్చే మీటింగ్‌లో అడుగుతాను. వచ్చే ఏడాది సెక్రటరీ సివిల్ బ్రాంచ్ నుంచి రావచ్చు, అందుకని ఎంట్రీకి ఒక చిన్న ఫారం కూడా కట్టి ఇస్తాను.