డిగ్రీ లేదు.. క్యాంపస్‌కు దారి గీశారు!

రెజ్యూమెలో ఏడాది గ్యాప్ కనిపిస్తేనే ఇంటర్వ్యూలో ఏం చెప్పాలా అని మీరు కంగారుపడుతుంటారు కదా! 35 ఏళ్లొచ్చేదాకా ఏ పనిలోనూ కుదురుకోని ఒకాయన కథ ఇది. దుకాణంలో గుమస్తా, ఓడలో నావికుడు, రైతు, విలేకరి, చివరికి మునిగిపోయిన ప్రచురణ సంస్థలో భాగస్వామి.. ఇన్ని అవతారాలెత్తారు. ఆ తర్వాతే న్యూయార్క్ సెంట్రల్ పార్కుకు, ఇప్పుడు మనవాళ్లు సీటు కోసం కలలుగనే స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ క్యాంపస్‌కు రూపమిచ్చారు. ఆయనే ఫ్రెడరిక్ లా ఓల్మ్‌స్టెడ్.

కళ్లు మొరాయించాయి

ఓల్మ్‌స్టెడ్ 1822 ఏప్రిల్ 26న అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో పుట్టారు. తండ్రి బట్టల వ్యాపారి. నాలుగేళ్లు నిండకముందే తల్లి పోయింది. యేల్ కాలేజీలో చేరాల్సిన వయసులో ఒక విషపు మొక్క తగిలి కళ్లు బాగా దెబ్బతిన్నాయి. చదువు ఆగిపోయింది. తర్వాత కొన్నాళ్లు యేల్‌లో పాఠాలు విన్నారు గానీ డిగ్రీ మాత్రం చేతికి రాలేదు.

1840లో న్యూయార్క్‌లో గుమస్తాగా చేరారు. బల్ల ముందు కూర్చునే పని నచ్చక మానేశారు. 1843లో చైనా వెళ్లే ఓడ ఎక్కారు. ఏడాది తర్వాత జబ్బుపడి ఇంటికొచ్చారు. ఆపై సేద్యం. తండ్రి కొనిచ్చిన పొలంలో కొన్నేళ్లు కష్టపడ్డారు గానీ పెద్దగా మిగిలిందేమీ లేదు. చుట్టుపక్కలవాళ్ల దృష్టిలో ఆయన పరిస్థితి ఎలా ఉండేదో మీరు ఊహించుకోగలరు. నాన్న డబ్బు మీద బతికే కుర్రాడు, అంతే!

నడిచి నేర్చుకున్నారు

1850లో తమ్ముడు, మరో స్నేహితుడితో కలిసి ఇంగ్లండ్ వెళ్లారు. ఊళ్ల మీదుగా ఎక్కువభాగం కాలినడకనే తిరిగారు. లివర్‌పూల్ దగ్గర బర్కెన్‌హెడ్‌లో ఒక రొట్టెల దుకాణదారు చెబితే అక్కడి కొత్త పార్కు చూడ్డానికి వెళ్లారు. పేదా గొప్పా తేడా లేకుండా అందరూ అందులో తిరగడం ఆయన్ను కట్టిపడేసింది. ప్రజల డబ్బుతో ప్రజల కోసం ఇలాంటి చోటు కట్టొచ్చన్న ఆలోచన అక్కడే నాటుకుంది. ఆ ప్రయాణం మీద 1852లో పుస్తకం రాశారు. అది చూసి న్యూయార్క్ పత్రిక ఒకటి బానిసత్వం ఉన్న దక్షిణ రాష్ట్రాలకు విలేకరిగా పంపింది. చూసింది చూసినట్టు, లెక్కలతో సహా రాయడం అక్కడ అలవాటైంది.

తర్వాత ప్రచురణ వ్యాపారంలో దిగారు. 1857లో ఆ సంస్థ మునిగింది. చేతిలో ఉద్యోగం లేదు, నెత్తిమీద అప్పులు. వయసు 35.

సంతకాలు సేకరించి కొట్టిన ఉద్యోగం

ఆ ఏడాది ఆగస్టులో సెంట్రల్ పార్కు కమిషనర్లలో ఒకరు ఆయనకు అనుకోకుండా కలిశారు. పార్కు పనులు చూసుకోవడానికి సూపరింటెండెంట్ కావాలని మాటల్లో చెప్పారు. ఓల్మ్‌స్టెడ్ వెంటనే కదిలారు. తనకు మద్దతుగా పేరున్నవాళ్ల సంతకాలు సేకరించారు. అందులో రచయిత వాషింగ్టన్ ఇర్వింగ్ సంతకం కూడా ఉంది. ఉద్యోగం వచ్చింది. ఇది పెన్నుకు మాత్రమే పనికొచ్చే మనిషని చీఫ్ ఇంజినీర్ అనుకున్నారు. బురదలో, ముళ్లపొదల్లో తిరిగే పని అది.

ఆ తిరగడమే కలిసొచ్చింది. పార్కు డిజైన్ కోసం పోటీ పెడితే కాల్వర్ట్ వో అనే ఆర్కిటెక్ట్ ఆయన్ను జతకు పిలిచారు. ఆ నేలలో ప్రతి రాయీ, గుంటా ఓల్మ్‌స్టెడ్‌కు తెలుసు మరి! పగలు ఉద్యోగం, రాత్రి డ్రాయింగు. 1858లో 33 ఎంట్రీల్లో వీళ్లదే గెలిచింది. పార్కు మీదుగా ఊరి బండ్లు వెళ్లడానికి నాలుగు అడ్డరోడ్లు ఉండాలన్నది పోటీ షరతు. వీళ్లు ఆ రోడ్లను నేలమట్టానికి కిందికి దించేశారు. పార్కు లోపల గుర్రాలకు, బగ్గీలకు, నడిచేవాళ్లకు వేర్వేరు దారులు వేశారు. దారులు కలిసేచోట వంతెనలు కట్టారు. దాంతో నడిచేవాడికి బండి భయం తగ్గింది.

1860లో బండి ప్రమాదంలో ఆయన తొడ ఎముక విరిగింది. మంచం మీద పడుకునే, మోయించుకుంటూ వెళ్లి పనులు చూశారు. ఆ తర్వాత జీవితాంతం కుంటుతూనే నడిచారు. ఇంకొకరికి దారి వేసే మనిషికి ఒక్కో అడుగు విలువ ఎంతో తెలుసని వేరే చెప్పాలా?

వేల ఎకరాలు.. అయినా నడిచే దూరంలోనే

కాలేజీల పని 1860ల్లోనే మొదలైంది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీకి ప్లాన్ ఇచ్చారు. నేల ఎత్తుపల్లాలను బట్టి వంపులు తిరిగే దారులు, కాలేజీని ఆనుకుని ఇళ్లు ఉండాలన్నారు. వ్యవసాయ కాలేజీలకైతే ఒకే పెద్ద భవంతి వద్దు, ఊరిలా చిన్న భవనాల గుంపు చాలన్నారు. ఈ రెండు సలహాల్లోనూ చాలావరకు అమలు కాలేదు. బర్క్‌లీలో పీడ్‌మాంట్ అవెన్యూ అనే వీధి మాత్రం ఇప్పటికీ ఉంది.

1886లో రైల్వే వ్యాపారి లీలాండ్ స్టాన్‌ఫర్డ్ పిలిచారు. పదిహేనేళ్ల కొడుకు టైఫాయిడ్‌తో చనిపోతే అతడి పేరు మీద యూనివర్సిటీ కట్టాలనుకున్నారాయన. పొలం 8 వేల ఎకరాల పైమాటే. అంత నేల దొరికితే ఎవరైనా ఏం చేస్తారు? ఒక్కో భవనం ఒక్కో మూల కట్టి మధ్యలో రోడ్లు వేస్తారు. ఓల్మ్‌స్టెడ్ ఆ పని చేయలేదు.

చోటు దగ్గరే గొడవ వచ్చింది. కొండల దగ్గర కడదామని ఆయన, చదునైన నేలే కావాలని యజమాని. యజమాని మాటే నెగ్గింది. ఓల్మ్‌స్టెడ్ అలిగి వెళ్లిపోకుండా చదును నేలకు తగ్గ ఉపాయం ఆలోచించారు. చార్లెస్ కూలిడ్జ్ అనే కుర్ర ఆర్కిటెక్ట్‌తో కలిసి ప్లాన్ గీశారు. నడుమ పెద్ద ముంగిలి, చుట్టూ 12 ఒంటి అంతస్తు భవనాలు, వాటిని కలుపుతూ ఆర్చీల వరండా. ఒక క్లాసు నుంచి ఇంకో క్లాసుకు ఎండా వానా తగలకుండా వెళ్లొచ్చు. మన పాత మండువా ఇల్లు తెలిసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

పచ్చిక బయళ్లు వద్దని కూడా పట్టుబట్టారు. నెలల తరబడి వాన పడని చోట తూర్పు రాష్ట్రాల్లా గడ్డి పెంచితే నీళ్లెక్కడివి? అందుకే ముంగిలికి రాళ్లు పరిచి, గుండ్రటి మడుల్లో మొక్కలు పెట్టించారు. రేపు యూనివర్సిటీ పెరిగితే ఏమిటన్నది కూడా ముందే చూశారు. అటూ ఇటూ ఇలాంటి ముంగిళ్లే మరికొన్ని వరసగా చేర్చుకుంటూ పోవచ్చు. ఎంత పెరిగినా నడక తెగదు.

పక్కన పెట్టిన ప్లాన్ మళ్లీ పైకొచ్చింది

1891లో యూనివర్సిటీ తెరిచేనాటికే యజమానికీ ఆయనకూ చెడింది. 1893లో స్టాన్‌ఫర్డ్ చనిపోయారు. తర్వాతి కాలంలో కొత్త భవనాలు ప్లాన్‌తో సంబంధం లేకుండా లేచాయి. ఓల్మ్‌స్టెడ్‌కు మతిమరుపు ముదిరి 1895లో పని మానేశారు. 1903 ఆగస్టు 28న మసాచుసెట్స్‌లోని మెక్‌లీన్ ఆసుపత్రిలో కన్నుమూశారు. ఆ ఆసుపత్రి ఎక్కడ కట్టాలో ఒకప్పుడు సలహా ఇచ్చింది కూడా ఆయనే!

దశాబ్దాలు గడిచాక 20వ శతాబ్దం చివర్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఆ పాత ప్లాన్‌ను బయటికి తీసింది. సైన్స్, ఇంజినీరింగ్ విభాగాలకు కొత్త ముంగిలిని ఆయన గీసిన వరసలోనే కట్టింది. ఇంకో విశేషం. 1900లో హార్వర్డ్‌లో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్ కోర్సు మొదలైనప్పుడు పాఠాలు చెప్పింది ఆయన కొడుకే. తండ్రి డిగ్రీ లేకుండా నిలబెట్టిన వృత్తికి కొడుకు డిగ్రీ పాఠాలు చెప్పారన్నమాట.

మీరేం చేయొచ్చు?

ఓల్మ్‌స్టెడ్‌లా డిగ్రీ వదిలేయమని కాదు. ఈ రోజుల్లో ఈ రంగంలోకి చదువు లేకుండా అడుగుపెట్టడం కష్టం. గమనించాల్సింది వేరే ఉంది. సేద్యంలో నేల తీరు తెలిసింది, నడకలో దారుల సంగతి తెలిసింది, పత్రిక పనిలో రిపోర్టు రాయడం వచ్చింది. సెంట్రల్ పార్కులో మూడూ అక్కరకొచ్చాయి. మీ గ్యాప్‌లో ట్యూషన్లు చెప్పారా? నాన్న షాపులో కూర్చున్నారా? అక్కడ ఏం నేర్చుకున్నారో రెండు వాక్యాల్లో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో అదే మీ సమాధానం.

ఈ రంగం మీద ఆసక్తి ఉంటే దారులున్నాయి. ఇంటర్ తర్వాత బీఆర్క్, బీప్లానింగ్ కోసం జేఈఈ మెయిన్‌లో రెండో పేపర్ ఉంటుంది. బీఆర్క్‌కు నాటా కూడా ఉంది. సివిల్ ఇంజినీరింగ్ చదివినవాళ్లే కాదు, జాగ్రఫీ, ఎకనామిక్స్, సోషియాలజీలో పీజీ చేసినవాళ్లూ ఎంప్లానింగ్‌కు ప్రయత్నించొచ్చు. విజయవాడలో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ దగ్గర్లోనే ఉన్నాయి. అర్హతలు మాత్రం ఆ ఏడాది నోటిఫికేషన్‌లో చూసుకోండి.

అంతకన్నా ముందు ఖర్చులేని పని ఒకటుంది. రేపు హాస్టల్ నుంచి క్లాసుకు, అక్కడి నుంచి లైబ్రరీకి, క్యాంటీన్‌కు నడుస్తూ నిమిషాలు లెక్కపెట్టండి. ఎక్కడ నీడ లేదు, ఎక్కడ బైకులకు జడిసి పక్కకు జరగాల్సి వస్తోంది, పిల్లలంతా గడ్డి తొక్కి అడ్డదారి ఎక్కడ వేశారు.. ఒక కాగితం మీద గీయండి. చక్రాల కుర్చీలో వచ్చే మీ క్లాస్‌మేట్ అదే దారిలో వెళ్లగలరో లేదో చూడండి. ప్లానింగ్ కోర్సు ఇంటర్వ్యూకు వెళ్లే రోజు ఆ కాగితం ఫైల్లో పెట్టుకెళ్లండి. చూపించడానికి మీ చేత్తో చేసిన పని ఒకటి ఉంటుంది.