రుతుపవనాల గుట్టు వెదకిన గణితవేత్త గిల్బర్ట్ వాకర్

భారత వాతావరణ శాఖకు 1904లో అధిపతి అయిన గిల్బర్ట్ వాకర్ వాతావరణ శాస్త్రం చదివినవారు కారు. 1868లో ఇంగ్లాండులోని రోచ్‌డేల్‌లో జన్మించి, 1889లో కేంబ్రిడ్జ్ గణిత పరీక్షలో ప్రథముడిగా నిలిచిన గణితవేత్త. 1913లో శ్రీనివాస రామానుజన్ ప్రతిభను గుర్తించి మద్రాసు విశ్వవిద్యాలయానికి సిఫారసు చేసినవారిలో ఆయన ఒకరు.

1877, 1899 సంవత్సరాల్లో నైరుతి రుతుపవనాలు విఫలమై, దేశం ఘోర క్షామాల పాలైంది. అటువంటి ఏడాదిని ముందుగా పసిగట్టడమే వాకర్ ముందున్న పని. దేశదేశాల వాయుపీడన, ఉష్ణోగ్రత, వర్షపాత వివరాలను గుమాస్తాల సాయంతో ఏళ్ల తరబడి సరిపోల్చారు. పసిఫిక్ మహాసముద్రంపై పీడనం పెరిగినప్పుడు హిందూ మహాసముద్రంపై తగ్గుతోందని, త్రాసు పళ్ళెముల వలె రెండూ ఊగుతున్నాయని తేలింది. దానికే ఆయన దక్షిణ డోలనమని పేరు పెట్టారు.

అయితే ఆ ఊగిసలాటకు కారణం ఆయనకు అందలేదు. నమ్మదగిన ముందస్తు అంచనా కూడా చేతికి రాలేదు. 1924లో భారతదేశం విడిచి వెళ్ళి, లండన్ ఇంపీరియల్ కళాశాలలో ఆచార్యులయ్యారు. 1958లో కన్నుమూశారు.

కారణం సముద్రంలోనే ఉన్నదని 1969లో జాకబ్ బ్యెర్క్‌నెస్ వివరించారు. తూర్పు పసిఫిక్ జలాలు వేడెక్కే ఎల్ నినోకూ ఈ డోలనానికీ ముడి ఉన్నదని చూపి, పసిఫిక్‌పై సాగే వాయు ప్రసరణకు వాకర్ పేరు పెట్టారు.

ఎల్ నినో ఏడాదిలో మన వర్షాలు తగ్గే అవకాశం ఎక్కువ. అయినా 1997లో బలమైన ఎల్ నినో ఉండగానే వానలు సాధారణంగా కురిశాయి. వాకర్ మొదలుపెట్టిన లెక్క నేటికీ పూర్తి కాలేదు.