అతిథి కుర్చీలో రోజుకో మనిషి: మొయిన్ అఖ్తర్ జీవితం

పసుపు సీజన్‌లో ఆర్మూర్ బజారులో ఓ గంట నిలబడితే చాలు. రైతు తెలుగులో బేరం ఆడుతుంటాడు. దుకాణదారు దక్కనీ ఉర్దూలో లెక్క చెప్తాడు. సాంగ్లీ నుంచి వ్యాపారి ఫోన్ చేస్తే మాట మరాఠీలోకో, హిందీలోకో తిరుగుతుంది. హమాలీ యాస వేరు, అడ్తిదారు యాస వేరు. మనిషి నోరు తెరిస్తే చాలు, ఏ ఊరు, ఏ పని అన్నది తెలిసిపోతుంది. ఇట్లాంటి బజారు మాటలనే బడిగా చేసుకొని, ఉర్దూ తెలిసిన ప్రతి ఇంటికీ పరిచయమైన హాస్య నటుడు మొయిన్ అఖ్తర్.

ఆయన 1950 డిసెంబర్ 24న కరాచీలో పుట్టారు. దేశ విభజన జరిగి అప్పటికి మూడేళ్లే. ఉత్తరప్రదేశ్, బిహార్, గుజరాత్, బొంబాయి, హైదరాబాద్ దక్కన్ నుంచి వెళ్లిన కుటుంబాలతో ఆ నగరం నిండిపోయింది. అక్కడ అప్పటికే సింధీలు, బలోచీలు ఉన్నారు, పష్తూన్‌లు వస్తున్నారు. ఒకే గల్లీలో ఆరేడు భాషలు వినిపించేవి. మామూలు పిల్లలకు అది గోల. మొయిన్‌కు మాత్రం అదే పాఠం. ఉర్దూ, ఇంగ్లీషుతో పాటు సింధీ, పంజాబీ, పష్తో, గుజరాతీ, మేమనీ, బెంగాలీ యాసలను ఆయన అట్లనే పట్టేసుకున్నారు.

1966 సెప్టెంబర్ 6న పాకిస్తాన్ రక్షణ దినం సందర్భంగా జరిగిన వెరైటీ షోలో ఆయన మొదటిసారి జనం దృష్టిలో పడ్డారు. అప్పటికి పదహారేళ్లు కూడా నిండలేదు. ఆ కాలంలో మిమిక్రీ కళాకారుడికి పెద్ద మర్యాద ఉండేది కాదు. రెండు పాటల మధ్య ఖాళీ నింపడానికి పిలిచేవారు. నాలుగు గొంతులు చేసి, నవ్వించి, దిగిపోవాలి. సూటూ టై కట్టుకొని మైకు పట్టుకునే హక్కు వ్యాఖ్యాతది, నవ్వించేవాడిది కాదు.

ఈ గీతను చెరిపేయడమే మొయిన్ అఖ్తర్ జీవితంలో అసలు విషయం. దిలీప్ కుమార్ లాంటి మహానటుల గొంతులతో మొదలుపెట్టి, మెల్లగా వేదిక నడిపే పని కూడా తన చేతిలోకి తీసుకున్నారు. మంచి దుస్తులు, స్వచ్ఛమైన ఉర్దూ, చక్కని ఉచ్చారణ, ఎదుటివాళ్లకు ఇచ్చే గౌరవం ఆయన గుర్తులయ్యాయి. దేశాధినేతలు ముందు వరుసలో కూర్చున్న సభలను కూడా ఆయన నడిపించారు. దిలీప్ కుమార్ హాజరైన సభలోనూ మైకు పట్టారు. స్టూడియో ఢాయీ, స్టూడియో పౌనే తీన్, యెస్ సర్ నో సర్ లాంటి టీవీ కార్యక్రమాలతో హాస్యగాడు కాస్తా హోస్ట్ అయ్యారు. మన దగ్గర అమితాబ్ బచ్చన్ నడిపిన క్రోర్‌పతి ఆటకు పాకిస్తాన్‌లో వచ్చిన రూపానికి కూడా ఆయనే హోస్ట్.

నటుడిగా ఆయన పేరును శాశ్వతం చేసింది 1990లో వచ్చిన రోజీ అనే టెలిప్లే. డస్టిన్ హాఫ్‌మన్ నటించిన హాలీవుడ్ సినిమా టూట్సీ దానికి ఆధారం. పని దొరకని ఒక నటుడు ఆడవేషం వేసి, రోజీ అనే పేరుతో అవకాశం సంపాదిస్తాడు. మగవాడు చీర కడితే జనం ఎట్లాగూ నవ్వుతారు, చౌకగా చేసి వదిలేయొచ్చు. ఆయన అట్ల చేయలేదు. పనిచేసే ఆడమనిషికి రోజూ ఎదురయ్యే చూపులు, వెకిలి మాటలు ఆ పాత్రలో కనబడేలా నటించారు. నవ్వు వేషం మీద కాదు, ఆమెను వేధించే మగవాళ్ల మీద పడింది.

ఇక్కడే మన హైదరాబాద్ ఈ కథలోకి వస్తుంది. మొయిన్ అఖ్తర్‌కు ఎన్నో మంచి మాటలు రాసిచ్చిన రచయిత అన్వర్ మఖ్సూద్ పుట్టింది హైదరాబాద్‌లోనే. 1948లో ఆ కుటుంబం కరాచీ వెళ్లిపోయింది. నాటక రచయిత్రి ఫాతిమా సురయ్యా బజియా, కవయిత్రి జెహ్రా నిగాహ్ ఆయన అక్కలు. వాళ్లు కూడా హైదరాబాద్ సంస్థానంలోనే పుట్టారు.

2005లో ఏఆర్‌వై చానెల్‌లో వీళ్లిద్దరి లూజ్ టాక్ మొదలైంది. చూడటానికి మామూలు టాక్ షో. అన్వర్ మఖ్సూద్ ప్రశ్నలు అడుగుతారు, ఎదురుగా అతిథి ఉంటాడు. కానీ ప్రతిసారీ ఆ అతిథి మొయిన్ అఖ్తరే. ఓ రోజు పోలీసు, ఓ రోజు కవి, ఓ రోజు నాయకుడు, ఓ రోజు బంగ్లాదేశ్ క్రికెటర్, మరో రోజు బేగం సాహెబా. ఇట్లా 400 దాకా పాత్రలు వేశారు. మామూలు టాక్ షోలకు పేరున్నవాళ్లనే పిలుస్తారు. ఈ షోలో మాత్రం ఎవరూ పిలవని చిన్న మనిషి కూడా దర్జాగా కూర్చుని, కరెంటు కోతల నుంచి ఎన్నికల దాకా తన బాధ చెప్పుకున్నాడు. పెద్దమనుషుల అబద్ధాలు వాళ్ల నోటితోనే బయటపడ్డాయి.

యాస పట్టి నవ్వించడంలో ఒక ప్రమాదం ఉంది. కొంచెం గీత దాటినా, అది ఆ భాష మాట్లాడే వాళ్లందరినీ ఎగతాళి చేసినట్టు అవుతుంది. దశాబ్దాల పాటు ఆ కత్తి అంచు మీద నడవడం తేలిక కాదు. ఆయన వేసిన అన్ని పాత్రలూ ఒకే రకంగా నెగ్గాయని అనలేం. అయితే మంచి పాత్రలన్నింటిలో మనిషి మీద ప్రేమ ముందుంది, యాస తర్వాతే వచ్చింది. అందుకే నవ్వు ఆగిన తర్వాత కూడా ఆ మనిషి గుర్తుంటాడు.

పాకిస్తాన్ ప్రభుత్వం ఆయనకు ప్రైడ్ ఆఫ్ పర్ఫార్మెన్స్, సితారా-ఎ-ఇంతియాజ్ పురస్కారాలు ఇచ్చింది. ఎంతో కాలం గుండె జబ్బుతో ఇబ్బంది పడినా పని మాత్రం మానలేదు. 2011 ఏప్రిల్ 22న కరాచీలో గుండెపోటుతో కన్నుమూశారు. వయసు 60 ఏళ్లు. బక్రా ఖిస్తోం పే నాటకంలో ఆయనతో కలిసి లక్షల మందిని నవ్వించిన ఉమర్ షరీఫ్ కూడా 2021లో వెళ్లిపోయారు.

సరిహద్దు దాటి మనుషులు రావడం కష్టమే, కానీ నవ్వుకు వీసా అవసరం లేదు. లూజ్ టాక్ ముక్కలు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉన్నాయి. వాటిని చూశాక ఆర్మూర్ బజారుకు వెళ్తే, కాంటా దగ్గర నిలబడ్డ హమాలీ, ధర కోసం ఎదురుచూసే రైతు, చాయ్ తెచ్చే పిల్లవాడు కొత్తగా కనిపిస్తారు. ఆ అతిథి కుర్చీలో కూర్చోవాల్సిన వాళ్లు వీళ్లే కదా అనిపిస్తుంది.